గండి పూడ్చకుండా గ్యాసు నింపితే

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఎండలు ముదురుతున్నాయంటే మన ఇళ్ళల్లో కొన్ని పనులు మొదలవుతాయి. ఆవకాయకి కారం ఆడించడం, కొత్త కుండ కొని నానబెట్టడం, కిటికీలకి వట్టివేళ్ళ తడికలు కట్టించడం, ఇలాంటివి. ఈమధ్య కారున్న ఇళ్ళల్లో ఇంకో పని కూడా వీటితో చేరింది. అదేమిటంటే కారు ఏసీకి గ్యాసు కొట్టించడం. "ఏమండీ, ఈ ఏడు గ్యాసు కొట్టించారా?" అని ఒకరు అడగడం, "ఆఁ, మొన్ననే అయింది" అని ఇంకొకరు చెప్పడం మీరూ వినే ఉంటారు. పాలకీ పేపరుకీ డబ్బు కట్టినట్టే దీనికీ ఏటేటా కట్టాలి కాబోలు అని నేనూ అనుకున్నాను. మూడు వేసవులు అలాగే కట్టాను. అది ఎంత పొరపాటో, దానివల్ల మా ఇంట్లో ఏం జరిగిందో, మీకు అలా జరక్కుండా ఏం చెయ్యాలో చెబుదామని ఇవాళ వచ్చాను.

మా కాపురం మాసబ్ ట్యాంక్‌లో. పోయిన మే నెలలో మా అత్తగారికి కంటి ఆపరేషను చేయించాం. అది చక్కగా అయింది. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంట వేళ ఆమెను కార్లో ఇంటికి తీసుకొస్తున్నాం. అంతకు నెల క్రితమే గ్యాసు కొట్టించిన కారు. మెహదీపట్నం దగ్గర ముందు బండ్లన్నీ ఆగిపోయాయి. చూస్తుండగానే ఏసీలోంచి వచ్చే చల్లగాలి కాస్తా వేడిగాలి అయిపోయింది. కంట్లో దుమ్ము పడకూడదన్నారు కదా అని అద్దాలు దించడానికి జంకాం. ఇరవై నిమిషాలు గడిచేసరికి 78 ఏళ్ళ మనిషి చెమటతో ముద్దయిపోయి, మాట తడబడి, నా భుజమ్మీద వాలిపోయారు. అప్పుడిక కంటి మీద కొంగు కప్పి, అద్దాలన్నీ దించేసి, మెడ మీదా మొహమ్మీదా తడిగుడ్డ అద్దుకుంటూ ఇంటికి చేర్చాం. ఆమె తేరుకోవడానికి గంటపైన పట్టింది. ఆ గంటా నేను పడ్డ బాధ ఎలా చెప్పను!

సాయంత్రం మెకానిక్కుకి ఫోను చేస్తే, "గ్యాస్ అయిపోయుంటదమ్మా, మళ్ళ కొట్టాలె" అన్నాడు. అది విని మా పెద్దబ్బాయికి కోపం వచ్చింది. అమెరికాలో ఉన్న వాడి స్నేహితులు దుకాణంలో చిన్న డబ్బా కొనుక్కుని గ్యాసు తామే ఎక్కించుకుంటారట. "నేనే చూస్తానమ్మా" అని బానెట్ ఎత్తాడు. గ్యాసు ఎక్కించే గొట్టం మూతి మీది టోపీ తీసి, లోపల గ్యాసు ఉందో లేదో చూద్దామని స్క్రూడ్రైవరుతో పిన్ను నొక్కాడు. సైకిలు ట్యూబు గాలి చూసినట్టే ననుకున్నాడు పాపం! బుస్సుమని తెల్లగా చిమ్మింది. క్షణంలో వదిలేశాడు గానీ, అప్పటికే రెండు వేళ్ళు కొయ్యబారినట్టు తెల్లబడిపోయాయి. రాత్రికి బొబ్బలెక్కాయి. మంట తగలకుండానే కాలడమంటే అదే. అదే కంట్లో పడి ఉంటే ఒకే ఇంట్లో ఇద్దరికి కళ్ళకి కట్లు అయ్యేవి.

ఈ గొడవంతా మంచమ్మీంచి విన్న మా అత్తగారు అన్నారు: "ఏమే అమ్మాయ్, గండి పూడ్చకుండా ఎన్ని నీళ్ళు పోస్తే మాత్రం చెరువు నిలుస్తుందా?" ఆమె పుట్టింటివారు చెరువు కింద సేద్యం చేసినవారు. కారు సంగతి ఆమెకేం తెలుసని నవ్వబోయాను గానీ, ఆలోచిస్తే విషయమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. మేముండే పేటకీ చెరువు పేరే కదా. మాసబ్ ట్యాంక్ అంటే మా సాహెబా చెరువు. గోలకొండ కుతుబ్‌షాహీల ఇంటి ఆడపడుచు హయాత్ బక్షీ బేగంను జనం మా సాహెబా అని పిలిచేవారు, ఆవిడ పేరు మీదే ఈ పేరు వచ్చిందని చెబుతారు. ఇప్పుడక్కడ చెరువు లేదు, పిల్లలాడుకునే చాచా నెహ్రూ పార్కు ఉంది. చెరువు పోయినా సామెత మిగిలింది.

సరే, అసలు సంగతికొద్దాం. మొట్టమొదట తెలుసుకోవలసినది ఇది: ఏసీ గ్యాసు పెట్రోలులాగా ఖర్చయిపోయేది కాదు. ఉన్న గ్యాసే లోపల గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల గుండా ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ఊరిపోయే మాట నిజమే. అయినా ఏడాదికోసారి, నెలకోసారి నింపాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతోందన్నమాటే.

అది ఎలా చల్లబరుస్తుందో మన వంటింట్లోనే చూడొచ్చు. కుండ పైన చెమర్చిన నీళ్ళు ఆవిరవుతూ కుండలోని వేడిని తీసుకుపోతాయి, అందుకే నీళ్ళు చల్లబడతాయి. ఇంజక్షనుకు ముందు డాక్టరుగారు స్పిరిటు రాస్తే చెయ్యి జిల్లుమంటుంది, అదీ అందుకే. కారులో ఆ పని చేసేది ఆర్-134ఎ అనే పదార్థం. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఇది బయట వదిలితే సున్నాకి కింద 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. మా అబ్బాయి వేళ్ళు ఎందుకు కాలాయో ఇప్పుడు తెలిసింది కదూ!

ఇంజనుతో తిరిగే కంప్రెసరు ఈ గ్యాసును గట్టిగా నొక్కుతుంది. నొక్కితే అది వేడెక్కుతుంది. కారు ముందు భాగంలో, రేడియేటరుకి ముందుండే జల్లెడలాంటి కండెన్సరులో బయటి గాలి తగిలి, ఆ వేడి పోయి ద్రవమవుతుంది. ఆ ద్రవం చెరువు తూములోంచి నీళ్ళు వదిలినట్టు ఒక సన్నటి రంధ్రంలోంచి డాష్‌బోర్డు వెనకనున్న ఇంకో జల్లెడలోకి వస్తుంది. అక్కడ ఒత్తిడి తగ్గేసరికి మళ్ళీ ఆవిరై, కారులోని వేడిని లాగేసుకుంటుంది. తిరిగి కంప్రెసరుకి పోతుంది. ఈ గ్యాసుతోపాటు కొంచెం నూనె కూడా తిరుగుతుంది. కంప్రెసరును అరిగిపోకుండా కాపాడేది ఆ నూనే. ఈ నూనె సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇక కారడం ఎక్కణ్ణించి? ప్రెషర్ కుక్కరు గాస్కెట్టు ఎండిపోతే పక్కలనించి ఆవిరి పోదూ? అలాగే గొట్టాలు కలిసే ప్రతిచోటా సన్నటి రబ్బరు ఉంగరాలుంటాయి. ఇంజను వేడికీ అదురుకీ అవి గట్టిపడి బీటలిస్తాయి. కంప్రెసరు ఇరుసు దగ్గర ఒక సీలు ఉంటుంది. కండెన్సరుకి రోడ్డు మీది గులకరాళ్ళు తగులుతాయి, తుప్పు పడుతుంది. గ్యాసు ఎక్కించే మూతి దగ్గర టోపీ పోగొట్టుకుంటే అక్కణ్ణించీ సన్నగా పోతుంది. ఆ ఇరుసు సీలుకి గ్యాసుతో వచ్చే నూనె తగులుతుంటేనే మెత్తగా ఉంటుంది. అంచేత చలికాలమైనా, వానాకాలమైనా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వెయ్యడం మంచిది. డబ్బు ఆదా అని ఆరు నెలలు ముట్టుకోకుండా ఉంచేవాళ్ళకే వేసవిలో ఎక్కువ ఖర్చు.

చల్లదనం తగ్గగానే గ్యాసునే అనుమానించకూడదు కూడా. ముందు ఇంట్లో చూసుకోదగినవి కొన్ని ఉన్నాయి. గాలి జోరుగా రాకపోతే గ్లవుబాక్సు వెనకుండే గాలి జల్లెడ దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది. చాలా కార్లలో దాన్ని మనమే తీసి మార్చుకోవచ్చు. బండి పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి, ఆగినప్పుడు మాత్రం వేడిగాలి వస్తుంటే ముందరి ఫ్యాను తిరుగుతోందో లేదో చూడాలి. కండెన్సరు నిండా దుమ్మూ, పురుగులూ పట్టి ఉంటే ఇంజను చల్లారాక నీళ్ళు మెల్లగా పట్టి కడగాలి, జోరుగా కొడితే రేకులు వంగిపోతాయి. ఏసీ వేసిన కారు కింద నీళ్ళు కారుతుంటే భయపడకండి. గాలిలోని తేమే అది, చల్లటి చెంబు పైన పట్టే చెమటలాంటిది.

ఇవన్నీ బాగుండి కూడా చల్లదనం లేకపోయినా, కంప్రెసరు టక్కుమని అంటుకుని వెంటనే ఆరిపోతూ ఉన్నా గ్యాసు తక్కువైందని అనుమానించాలి. అప్పుడు గండి ఎక్కడుందో వెతకాలి. ఈ పని ఆడవాళ్ళకి కొత్త కాదు. వంటగ్యాసు సిలిండరు మార్చినప్పుడు రెగ్యులేటరు దగ్గర సబ్బు నురగ రాసి బుడగలొస్తాయేమోనని చూస్తాం కదా, అదే పద్ధతి. ఒక ఆదివారం ఉదయం నేనే చేశాను.

ముందు ఇంజను ఆపేసి, తాళం చెవి తీసేసి, పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. నీడలో ఉన్న కారైతే మేలు. కళ్ళకి అద్దాలు, చేతులకి తొడుగులు తప్పనిసరి. ఇంజను ఆగి ఉన్నా లోపల గ్యాసు ఒత్తిడిలోనే ఉంటుంది. 35 డిగ్రీల ఎండవేళ అది చదరపు అంగుళానికి సుమారు 115 పౌండ్లు. కారు టైరులో ఉండేది 30 చిల్లర, కుక్కరులో ఉండేది 15. అంత ఒత్తిడి ఉంది కాబట్టే బుడగలు కనిపిస్తాయి. అందుకే ఏ బిగింపూ వదులు చెయ్యకూడదు కూడా.

తరవాత టార్చిలైటు వేసి గొట్టాల వెంబడి చూసుకుంటూ పోవాలి. ఎక్కడైనా నూనె జిడ్డు అంటి, దాని మీద దుమ్ము నల్లగా పేరుకుని ఉందా? నూనె సంగతి గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. గ్యాసు కంటికి కనబడకుండా పోతుంది గానీ, దాంతో వచ్చిన నూనె అక్కడ జాడ వదిలిపోతుంది. అలాంటి చోట్లా, గొట్టాలు కలిసే ప్రతి అతుకు దగ్గరా, టోపీ తీసి గ్యాసు మూతి మీదా, పిన్ను నొక్కకుండా, చిన్న కుంచెతో చిక్కటి సబ్బునీళ్ళు రాసి నిదానంగా చూడాలి. పెద్ద కారడమైతే నురగ ఉబుకుతుంది. చిన్నదైతే ఆవగింజల్లాంటి బుడగలు ఒకటొకటిగా వస్తాయి, రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టాలి. నేను చూసినప్పుడు కండెన్సరు పక్కన గొట్టం బిగించిన చోట, నల్లటి జిడ్డు మధ్య, ఆవగింజలు లేచాయి. ఆ చోటుని సుద్దముక్కతో గుర్తుపెట్టి, సెల్‌ఫోనుతో ఫోటో తీసి, సబ్బు కడిగేశాను.

సబ్బుకి అందని కారడాలూ ఉంటాయి. మరీ సన్నవి కనబడవు. డాష్‌బోర్డు వెనకున్న జల్లెడ దగ్గరికి మన చెయ్యి పోదు. అప్పుడు వర్క్‌షాపువాళ్ళు ప్రత్యేకమైన రంగు కలిపి నీలిదీపం వేసి చూస్తారు, లేదా వాసన పట్టే యంత్రం పెడతారు. ఈ గ్యాసు గాలికన్నా బరువు, అందుకని ఆ యంత్రాన్ని అతుకు కిందుగా పెట్టి చూడాలి.

ఇంటి దగ్గర మనం చెయ్యదగ్గ పని ఇంతవరకే. ఇక్కణ్ణించి వర్క్‌షాపు పని. ఎందుకంటారా? గ్యాసుండగా బిగింపు విప్పితే మా అబ్బాయికి జరిగిందే జరుగుతుంది, ఇంకా ఎక్కువే జరుగుతుంది. మూసి ఉన్న షెడ్డులో గ్యాసు వదిలితే నేలబారున పరుచుకుని ఊపిరాడకుండా చేస్తుంది. నిప్పు దగ్గర, సిగరెట్టు దగ్గర అది విచ్ఛిన్నమై విషపు ఆవిర్లిస్తుంది. చిన్న డబ్బాతో ఎక్కిస్తే ఎంత ఎక్కిందో తెలియదు, ఎక్కువైనా కంప్రెసరు పాడవుతుంది. పొరపాటున ఎక్కువ ఒత్తిడి వైపు తగిలిస్తే ఆ డబ్బానే పేలవచ్చు. కారడాన్ని లోపలినించే పూడుస్తామనే జిగురు డబ్బాలు వస్తున్నాయి, అవి సన్నటి తూమునీ, వర్క్‌షాపు యంత్రాలనీ కూడా పూడ్చేస్తాయి. వంటగ్యాసు ఎక్కిస్తే చవగ్గా చల్లబడుతుందని చెప్పేవాళ్ళూ ఉన్నారు. డాష్‌బోర్డు వెనక అది కారిందంటే మూసిన కారులో పిల్లాపాపలతో నిప్పు మీద కూర్చున్నట్టే! బ్యాటరీ కార్లూ, హైబ్రిడ్ కార్లూ ఉన్నవాళ్ళు నారింజరంగు తీగల జోలికి అసలు పోకండి. వాటి కంప్రెసరు ఎక్కువ వోల్టేజి కరెంటుతో నడుస్తుంది, నూనె కూడా వేరే.

వర్క్‌షాపుకి వెళ్ళినప్పుడు మాత్రం ఊరికే కుర్చీలో కూర్చోకండి. అయిదు ప్రశ్నలు అడగండి. ఒకటి, లోపల మిగిలిన గ్యాసుని గాలిలోకి వదలకుండా యంత్రంతో వెనక్కి తీసుకుంటున్నారా? రెండు, కారే చోటు చూపించి ఆ భాగం మారుస్తున్నారా? ఉంగరం మారిస్తే ఈ గ్యాసుకి తగిన రకం, తగిన నూనె రాసి వెయ్యాలి. మూడు, తేమను పీల్చే సీసా ఉంటుంది, గొట్టాలు చాలాసేపు విప్పి ఉంచితే అదీ మార్చాలి, మారుస్తున్నారా? నాలుగు, అరగంటకి తక్కువ కాకుండా పంపుతో గాలీ, తేమా లాగేసి, పంపు ఆపాక ముల్లు కదలకుండా నిలుస్తోందా? ముల్లు వెనక్కి పోతే గండి ఇంకా ఉన్నట్టే. అయిదు, గ్యాసుని తూకం వేసి, బానెట్ కింద అంటించిన చీటీలో ఉన్నంతే ఎక్కిస్తున్నారా?

ఆ నాలుగో ప్రశ్న దగ్గర మన ఊరివాళ్ళకొక చిన్న సంగతి. పుస్తకాల్లో ఆ ముల్లు 29 అంగుళాలు దాటాలని రాసి ఉంటుంది. అది సముద్రతీరం లెక్క. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ గాలి ఒత్తిడే తక్కువ. అందుచేత ముల్లు 28 దగ్గరే ఆగుతుంది. పంపు మంచిది కాదని దెబ్బలాడకండి. ముల్లు ఎంతదాకా వెళ్ళిందన్నదాని కన్నా, వెళ్ళిన చోట నిలిచిందా లేదా అన్నదే ముఖ్యం.

"పోతే పోయింది గ్యాసే కదా" అనుకోవడానికీ లేదు. పూర్వం కార్లలో ఆర్-12 అనే గ్యాసు ఉండేది. అలాంటి గ్యాసులు పైకి పోయి, ఎండలోని హానికరమైన కిరణాల నుంచి మనల్ని కాపాడే ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు. 1987లో మాంట్రియల్‌లో పలు దేశాలు వాటిని తగ్గించాలని ఒప్పందానికి వచ్చాయి. మన దేశం 1992లో అందులో చేరింది, 2008లో ఉబ్బసం మందు పిచికారీల కోసం తప్ప వాటి తయారీ ఆపేసింది. తరవాత వచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌ని ఏమీ చెయ్యదు గానీ, భూమిని వేడెక్కిస్తుంది. నూరేళ్ళ లెక్కన ఒక కిలో ఆర్-134ఎ, 1,430 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. ఒక చిన్న కారులో పట్టే 450 గ్రాములు గాలిలో కలిస్తే సుమారు 275 లీటర్ల పెట్రోలు కాల్చినంత చెరుపు! అంచేతనే 2016లో కిగాలీలో దీన్నీ తగ్గించాలని నిర్ణయించారు. 2021లో మన దేశమూ సరేనంది. 2032 నుంచి మెట్లుమెట్లుగా తగ్గించాలి. కొత్త కార్లు కొన్నిటిలో ఆర్-1234వైఎఫ్ అనే గ్యాసు వస్తోంది. అది భూమికి మేలే గానీ కొంచెం మండే స్వభావముంది. ఒకదాని బదులు ఇంకొకటి ఎక్కించకూడదు. చీటీ చూసుకోవాలనేది ఇందుకూను.

మా కారు సంగతి ఏమైందంటారా? నేను తీసిన ఫోటో చూపిస్తే వర్క్‌షాపు పెద్దాయన ఒక్క నిమిషం చూసి, "దొరికిందమ్మా దొంగ" అన్నాడు. కారింది ఒక రబ్బరు ఉంగరం. దాని వెల ముప్ఫై రూపాయలు. మూడేళ్ళలో మేం గ్యాసుకి పోసిన డబ్బుతో అలాంటివి ఒక బస్తా వచ్చేవి! మధ్యాహ్నానికల్లా పని అయిపోయింది. వానాకాలం వెళ్ళింది, చలికాలం వెళ్ళింది. వారంవారం పది నిమిషాలు వేస్తున్నాం. మళ్ళీ గ్యాసు కొట్టించలేదు. మా అబ్బాయి వేళ్ళు మానాయి గానీ, చూపుడువేలి చివర ఇప్పటికీ స్పర్శ సరిగ్గా తెలియదంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. మూడేళ్ళ క్రితమే "గ్యాసు ఎందుకు పోతోంది?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ వేలూ, మా అత్తగారి ఆ గంటా రెండూ దక్కేవి కదా అని.

కనక సోదరీమణులారా, ఈ వేసవిలో ఎవరైనా "గ్యాసు కొట్టాలి" అంటే కాదనకండి. కాని "గండి ఎక్కడుంది? చూపించి, పూడ్చి, ఆ తరవాత నింపండి" అనండి. అలా అనడానికి ఇంజనీరింగు చదవక్కర్లేదు. సిలిండరు దగ్గర సబ్బు నురగ రాయడం తెలిస్తే చాలు. ఇంకొక్క మాట. పసివాళ్ళనీ, పెద్దవాళ్ళనీ ఎండవేళ కారులో తీసుకుపోయేటప్పుడు ఏసీ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. ఒక చెంబెడు నీళ్ళూ, ఒక తడిగుడ్డా దగ్గరుంచుకోండి. అది ఆగిపోగానే అద్దాలు దించండి. దుమ్ము కడుక్కోవచ్చు, ప్రాణం ముఖ్యం.